లాంగలి: గుర్తు ఆకు కొసన ఉంది

అగ్నిశిఖను పువ్వు చూసి పోల్చుకోవడం పసిపిల్లలకైనా వస్తుంది. పువ్వు లేనప్పుడు పోల్చుకోవడమే అసలు విద్య. ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ముఖ్యమైనది దాని దుంప. దుంపలు తవ్వుకునే రోజులకి పైన పువ్వు ఉండదు, ఒక్కోసారి తీగ కూడా ఉండదు.

అడవినాభి, పొత్తిదుంప అని మనవాళ్లు పిలిచే ఈ తీగ గ్లోరియోసా సుపర్బా. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో లిలియేసీ కింద దొరుకుతుంది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీన్ని కాల్చికేసీ కుటుంబంలో పెట్టారు. ఆ కుటుంబానికి పేరిచ్చినది యూరప్ పచ్చిక మైదానాల్లో శరత్తులో పూసే కాల్చికం. మన కంచె మీది తీగకీ ఆ చలిదేశపు గడ్డకీ రూపంలో పోలిక కనిపించదు. ఒంట్లో ఉన్న విషం మాత్రం ఒకటే, కాల్చిసిన్.

తొలకరి పడ్డాక అడవి అంచుల్లో, పొలం గట్ల మీద, ముళ్లపొదల నడుమ దీని మొలక లేస్తుంది. ఒకసారి నాటుకుంటే ఏటేటా అక్కడే వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు వెదురు పిలక అనుకున్నాను. ఆకుకి తొడిమ లేదు, ఈనెలు అడ్డంగా అల్లుకోకుండా నిలువుగా సాగాయి. వారం తర్వాత మళ్లీ వెళ్తే పై ఆకులు పక్కనున్న పరికి కంపను పట్టుకుని ఉన్నాయి. దగ్గరికెళ్లి చూడండి: ఆకు కొస సన్నబడి, దారంలా సాగి, స్ప్రింగులా చుట్టుకుంటుంది. కాకరకీ దోసకీ కూడా నులితీగలుంటాయి గానీ అవి కాండం మీద ఆకు పక్క నుంచి పుడతాయి. ఇక్కడ ఆకు కొసే నులితీగ. నిలువు ఈనెలు, తొడిమ లేని ఆకు, చుట్టుకునే కొస, ఈ మూడూ ఒకే తీగ మీద కనిపిస్తే పువ్వు కోసం ఆగక్కర్లేదు. కింది ఆకులకి మాత్రం నులికొస ఉండకపోవచ్చు. అందుకే ఒక్క ఆకు తెంపుకొచ్చి చూపిస్తే చాలదు, తీగ పొడవునా చూడాలి.

పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. ఆరు రేకులూ అలలు తిరిగిన అంచులతో వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి. మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, కొసల వైపు నుంచి ఎరుపు, చివరికి పువ్వంతా ఎరుపు. ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒకేసారి కనిపిస్తుంటే వేర్వేరు మొక్కలని భ్రమపడేవాళ్లున్నారు. రేకుల కింద ఆరు కేసరాలు గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. వాటి నడుమ ఉండాల్సిన కీలం అండాశయం దగ్గరే మోకాలిలా వంగి పక్కకి జరిగిపోతుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా ఏర్పాటు అది. తమిళనాట విత్తనం కోసం దీన్ని సాగు చేసే రైతులు పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దేది అందుకే. ఆ తర్వాత కాయ కాసి, ఎండి, మూడుగా పగిలితే లోపల ఎర్రటి గింజలు. పిల్లల కళ్లు వాటి మీద పడతాయి, గింజలూ విషమే.

ఇక దుంప. కోలగా, ఒక చోట వంగి రెండు కొమ్ములుగా చీలినట్టుంటుంది, అచ్చం నాగలి. సంస్కృతంలో దీన్ని లాంగలి అన్నారు, లాంగలం అంటే నాగలే. తమిళులు కలప్పై కిళంగు అంటారు, అదీ నాగలి దుంపే. ఈ పేర్లు పెట్టినవాళ్లు మట్టి తవ్వి చూసి పెట్టారు. అగ్నిశిఖ అన్న పేరులో పువ్వుంది, లాంగలిలో దుంప ఉంది, గర్భపాతిని అన్న పేరులో హెచ్చరిక ఉంది. బొమ్మలు అచ్చువేసే వీలు లేని కాలంలో పర్యాయపదాల జాబితాయే గుర్తుల పట్టిక. నిఘంటువులోని ఈ పేర్లను ఇలా చదవడం మనం మర్చిపోయాం, అది పెద్ద నష్టమని నా నమ్మకం.

అయితే పేరు ఒక్కదాన్నే నమ్ముకుంటే అది ముంచుతుంది కూడా. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అగ్నిశిఖ పేరు లాంగలికీ ఉంది, కుంకుమపువ్వుకీ ఉంది. నాభి అన్నా అంతే. హిమాలయాల్లో దొరికే వత్సనాభి వేరే కుటుంబపు విషం, దాని పనితీరే వేరు. యూరప్‌లోనూ ఇదే తంటా. కాల్చికాన్ని శరత్కాలపు క్రోకస్ అంటారు గానీ అది క్రోకస్ కాదు. క్రోకస్‌లలో ఒకటైన కుంకుమపువ్వు మొక్కకి మూడు కేసరాలు, కాల్చికానికి ఆరు. లెక్కపెడితే తేలిపోతుంది. పైగా కాల్చికం ఆకులు వసంతంలో, పువ్వు శరత్తులో వస్తాయి, రెండూ కలిసి కనిపించవు. ఆ ఆకుల్ని అడవి వెల్లుల్లి అనుకుని కోసుకుతిని చనిపోయినవాళ్లున్నారు. నలిపి వాసన చూస్తే వెల్లుల్లి వాసన రాదు.

కాశ్మీరులో మంచు కరిగే వేళ పసుపుపచ్చగా పూసే కాల్చికం లూటియం ఇదే కుటుంబం. దాని గడ్డను యునానీ హకీములు సురంజాన్ పేరుతో కీళ్లనొప్పులకి వాడతారు. మాజూన్ సురంజాన్ అన్న మాట హైదరాబాదు పాతబస్తీ వాళ్లకి కొత్త కాదు. ఆయుర్వేదం లాంగలిని ఉపవిషాల్లో చేర్చి, గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేయనిదే వాడకూడదంది. ఇక ఆధునిక వైద్యం 1820లో రసాయన శాస్త్రజ్ఞులు పెల్లెటియే, కావెంటూ కాల్చికం నుంచి వేరుచేసిన కాల్చిసిన్‌నే గౌట్ నొప్పికి లెక్క ప్రకారం, చిన్న మోతాదులో ఇస్తోంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకి లాగే దారాలను అది కట్టనివ్వదు. 1937 నాటికి వృక్షశాస్త్రజ్ఞులు బ్లేక్‌స్లీ, ఏవరీ దీన్నే వాడి మొక్కల్లో క్రోమోజోములను రెట్టింపు చేశారు. గింజల్లేని పుచ్చకాయ వెనక ఉన్నది ఈ విషమే. మన ఒంట్లో తొందర తొందరగా చీలే కణాలు పేగుల్లో, ఎముక మూలుగలో, జుట్టు కుదుళ్లలో ఉంటాయి. అందుకే విషం తిన్న కొన్ని గంటలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత రక్తకణాలు పడిపోతాయి. బతికి బయటపడ్డవాళ్లకి వారాల తర్వాత జుట్టు ఊడుతుంది. దీనికి విరుగుడంటూ ప్రత్యేకమైన మందు వాడుకలో లేదు.

ఈ కుటుంబంలో మన గడ్డినేలల్లో కనిపించే మరొకటి ఇఫిజీనియా ఇండికా. వానలకి లేచే జానెడు మొక్క, ఆకులు గడ్డిపోచల్లాంటివే. ఆరు సన్నటి రేకులతో ముదురు ఊదారంగు చుక్కలాంటి పువ్వు పూస్తే తప్ప కంటపడదు. మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాళ్లకే దొరుకుతుంది.

అడవి దుంపలు తినే అలవాటున్న ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లలకి ముందు తీగను చూపించి, తర్వాతే గునపం అందించేవారు. తినే అడవి దుంపల్లో చాలావాటి తీగకి తమలపాకులా గుండె ఆకారపు ఆకు, వల అల్లినట్టున్న ఈనెలు. లాంగలికి ఈ రెండూ ఉండవు. తీగ ఎండి రాలిపోయాక తవ్విన దుంపకి సాక్ష్యం ఉండదు, అలాంటిది ఇంటికి తేకూడదు. లాంగలి కనిపిస్తే ఫొటో తీసుకోండి, పువ్వుతో పాటు ఆకు కొస కూడా పడేలా. దుంపని మాత్రం కదపకండి. మందుల కోసం, నాటడం కోసం అడవిలో తవ్వి తవ్వి చాలాచోట్ల దీన్ని పలచన చేశాం. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడొద్దు. మిగిలిన దుంప ముక్క, దొరికితే ఓ ఆకు సంచిలో వేసుకుని, మనిషిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.