ఘర్షణ పాఠమూ, క్లచ్ అదురూ

కళాశాల విద్యార్థిని నిద్రలేపి అడిగినా ఘర్షణ సూత్రాలు మూడూ ఒప్పజెప్పగలడు. ఘర్షణ అభిలంబ బలానికి అనుపాతంలో ఉండును. స్పర్శ వైశాల్యంపై ఆధారపడదు. జారుడు వేగంపైన కూడ ఆధారపడదు. మొదటి రెండింటిని 1699లో ఆమాంటన్స్ ప్రకటించాడు. మూడవది కూలుంబ్ పేర చెలామణి అవుతున్నది. ఈ మూడవదానిని మన పాఠ్యగ్రంథాలు చెప్పే తీరుపైననే నా ఆక్షేపణ. అది స్థూలంగా మాత్రమే నిజం. 'స్థూలంగా' అన్న ఆ ఒక్క మాటను పుస్తకాలు వదలివేసినవి. నేనూ ఇన్నేళ్ళు అట్లే బోధించాను.

భవానీపురంలో మా పొరుగువారి కారు మొదటి గేరులో కదిలేటప్పుడు, క్లచ్ పెడలు వదలుతుండగా దడదడ అదిరేది. వేగం అందుకోగానే అదురు మాయమయ్యేది. మెకానిక్కు గేర్‌బాక్సు దించి కొత్త క్లచ్ ప్లేటు వేశాడు. నెల తిరగకమునుపే అదురు మళ్ళీ వచ్చింది. "ప్లేటు అరిగితే జారాలి గాని, అదరడమెందుకు మాష్టారూ?" అని పొరుగాయన అడిగితే నాకు జవాబు తోచలేదు. ప్రశ్న సరియైనదే. నేను చెప్పే పాఠంలోనే దానికి చోటు లేదు.

జవాబు నా చేతిలోని సుద్దముక్కలోనే ఉన్నది. నల్లబల్లపై అది కీచుమనుట అందరూ విన్నదే గదా. అది పట్టుకొని, జారి, మళ్ళీ పట్టుకొంటుంది. క్లచ్‌లో ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకు ప్లేటు ఒత్తుకొన్నప్పుడు, రెండింటి వేగాలు కలిసేదాకా జారుడు తప్పదు. జారుడు వేగం పెరిగినకొద్దీ ఘర్షణ తగ్గే పరిస్థితి అక్కడ ఏర్పడినదనుకొనండి. ప్లేటు రవంత వెనుకబడగానే జారుడు పెరుగును, లాగే బలం తగ్గును, ప్లేటు మరింత వెనుకబడును. మెలిపడిన స్ప్రింగువలె ఉన్న ఇరుసులు దానిని తిరిగి ముందుకు తోయును. అప్పుడు జారుడు తగ్గి, లాగే బలం హెచ్చును. ఇట్లు ప్రతి ఊపూ తరువాతి ఊపుకు బలమిచ్చును. ప్లేటు లైనింగుకు నూనె అంటినా, హాఫ్ క్లచ్‌పై నడిపి దానిని మాడ్చినా ఈ స్థితి రావచ్చును.

అదురుకు ఇంకొక కారణం కూడ కలదు. ఫ్లైవీలు వంగినా, ప్రెషర్ ప్లేటు ఒకవైపే ఎక్కువ నొక్కినా, పట్టు చుట్టుచుట్టుకూ హెచ్చుతగ్గులగును. ఇంజను మౌంటింగులు చిరిగి ఇంజను ఊగినా అదురు పుట్టవచ్చును. అది వేరు సంగతి; బానెట్టు ఎత్తి చూస్తే చాలా వరకు తెలియును.

మొదటి రెండింటినీ గేర్‌బాక్సు దించకుండానే వేరుచేయవచ్చును. చదునైన చోట ఒకసారి ఇంజను నెమ్మదిగా తిప్పుతూ, మరొకసారి కాస్త వేగంగా తిప్పుతూ కారును కదల్చాలి. వేగంతోపాటు అదురు పౌనఃపున్యం పెరిగితే తప్పు ఆకారంలో ఉన్నది. మారకుంటే ఘర్షణలో ఉన్నది. అది ఇరుసుల సహజ పౌనఃపున్యం, సెకనుకు సుమారు 10 ఊపులు. వేడెక్కిన క్లచ్‌తో ఈ పరీక్ష పదేపదే చేయరాదు.

పొరుగువారి కారులో పౌనఃపున్యం మారలేదు. మళ్ళీ విప్పించి చూస్తే కొత్త ప్లేటుపై కూడ నూనె చెమ్మ ఉన్నది. క్రాంక్‌షాఫ్టు వెనుక ఆయిల్ సీలు కారుతున్నది. మొదటిసారి దానిని ఎవరూ చూడలేదు. మెకానిక్కును తప్పుపట్టే ముందు నా పుస్తకం మళ్ళీ తెరిచాను. వాలుతలంపై దిమ్మెల లెక్కలు పేజీలకు పేజీలున్నవి. క్లచ్ అన్న మాట లేదు.