ఒక్క గుడ్డు చాలు

కూచిపూడి కలాపాల్లో సత్యభామకు వచ్చినంత పేరు గొల్లభామకు రాలేదు. భాగవతుల రామయ్య రాసిన గొల్లకలాపంలో చల్లమ్మే మనిషి బ్రాహ్మణుడితో వాదానికి దిగుతుంది. యజ్ఞం గురించి మాట్లాడుతుంది, ఆ వాదంలోనే పిండోత్పత్తి క్రమాన్నీ వివరిస్తుంది. ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టిన కాలంలో, ఊరందరి ఎదుట, బిడ్డ కడుపులో ఎలా ఏర్పడుతుందో పాడి ఆడి చూపించారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

అయితే పిండోత్పత్తి కడుపు పండాక సాగే కథ. అంతకు ముందుదాకా వచ్చి ఆగిపోయేవాళ్ల సంగతి వేరు. ఒళ్లు వచ్చేసింది, నెలసరి రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది, పెళ్లయి రెండేళ్లు దాటింది, పేరంటానికి వెళితే చాలు ‘ఏమన్నా విశేషమా’ అని అడుగుతారు. ఆలస్యమైన ప్రతిసారీ కిట్ కొనడం, ఒక్క గీతే చూసి పారేయడం. ఇలాంటివాళ్లలో చాలామందికి ఉండేది పీసీఓడీ అనే అండాశయ సమస్య. వీళ్ల కోసం వైద్యం నేర్చుకున్న పనితనం గురించే ఈ నాలుగు మాటలు. నా కళ్లకు అది చాలా సన్నని నగిషీ పని.

1935లో షికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బున్న ఏడుగురు ఆడవాళ్ల కేసులు ప్రచురించారు. పొట్ట కోసి, ఉబ్బిన అండాశయాల నుంచి ఒక్కో ముక్క తీసేశారు. ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది, ఇద్దరికి గర్భం నిలిచింది. మోటు పనే, కానీ పనిచేసింది. 1960ల్లో క్లోమిఫిన్ మాత్ర వచ్చాక కత్తితో అవసరం బాగా తగ్గింది.

ఈ జబ్బులో చిక్కు ఎక్కడుందో చూస్తే తర్వాతి మెట్టు గొప్పతనం అర్థమవుతుంది. అండాశయంలో గుడ్లు పెరిగే చిన్న సంచులైన ఫాలికిల్స్‌కి కొదవలేదు, నిజానికి ఎక్కువే ఉంటాయి. వాటిని పెంచే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి రావాలి. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువగా చేయిస్తుంది. వాటిలో కొంత భాగాన్ని కొవ్వు కణజాలమే ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. ఈస్ట్రోజన్ రోజూ ఒకే తీరున అందుతుంటే, పని జరుగుతోంది కాబోలనుకుని మెదడు ఎఫ్ఎస్‌హెచ్‌ని అంతంతమాత్రంగా వదులుతుంది. కాలవలో నీళ్లు సన్నగా పారుతుంటే ఏ మడీ పూర్తిగా ఎండదు, ఏ మడీ పండదు. ఫాలికిల్స్ పరిస్థితీ అంతే. అన్నీ చిన్నగానే ఉండిపోతాయి, ఒక్కటీ పక్వానికి రాదు.

ఇక్కడ లెట్రోజోల్ చేసే పని చూడండి. నిజానికి అది రొమ్ము క్యాన్సర్ మందు. మగ హార్మోన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చే ఎంజైమును అడ్డుకోవడమే దాని పని. దాన్ని నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, రోజుకో 2.5 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున ఇస్తారు. ఈస్ట్రోజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి ఎఫ్ఎస్‌హెచ్ పెంచుతుంది, ఫాలికిల్స్ కదులుతాయి. అసలు నైపుణ్యం ఆ తర్వాతే ఉంది. ఈ మందు ఒంట్లో ఎక్కువ రోజులు నిలవదు. మాత్రలు ఆపాక పెరుగుతున్న ఫాలికిల్ తన ఈస్ట్రోజన్ తాను చేసుకుంటుంది, దాంతో మెదడు మళ్లీ ఎఫ్ఎస్‌హెచ్ తగ్గిస్తుంది. బలంగా ఉన్న ఒక్కటి తట్టుకుని పెరుగుతుంది, మిగతావి వెనకబడతాయి. అందుకే ఎక్కువసార్లు ఒక్క గుడ్డే వస్తుంది. క్లోమిఫిన్ అలా కాదు, వారాల తరబడి తిష్ట వేస్తుంది, కొందరిలో గర్భసంచి లోపలి పొరను కూడా పలచన చేస్తుంది. సమయానికి తప్పుకోవడం తెలిసిన మందు లెట్రోజోల్.

2014లో వచ్చిన అమెరికా అధ్యయనంలో పీసీఓడీ ఉన్న 750 మందిని పరిశీలిస్తే లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. బరువు ఎక్కువున్నవారిలో తేడా ఇంకా స్పష్టం. మన దేశంలో మాత్రం 2011లో పిల్లల కోసం ఈ మందు వాడటాన్ని నిషేధించారు, 2017లో ఎత్తేశారు. మధ్యలో గడిచిన ఏళ్లు ఎవరి వయసులోంచి పోయాయో లెక్క కట్టేవాళ్లు లేరు.

మందు ఎంత తెలివైనదైనా దాన్ని కనిపెట్టి చూసే కన్ను కావాలి. డెల్టాలో ఏ ఊరి నుంచి వచ్చినా విజయవాడ సూర్యారావుపేటలో బస్సు దిగి అడిగితే చాలు, స్కానింగ్ సెంటర్ ఎక్కడో చెబుతారు. గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు. లోపల ఏసీ చలి, సగం చీకటి. తొమ్మిదో పదో రోజు నుంచి రోజు విడిచి రోజు ఫాలిక్యులర్ స్టడీ. తెర మీద బూడిదరంగు అండాశయం, అంచు వెంబడి చిన్నచిన్న నల్లటి గుండ్రాలు. చూసేవారు ప్రోబ్‌ని రవ్వంత తిప్పుతారు, గుండ్రం బాగా విచ్చుకున్న చోట ఆపి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి సగటు తీస్తారు. చెయ్యి కాస్త పక్కకు పోతే 18 మిల్లీమీటర్లది 15గా కనబడుతుంది, గుడ్డు విడుదలకు ఇచ్చే ఇంజెక్షన్ రోజు తప్పుతుంది. పెరిగే ఫాలికిల్ రోజుకు దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. 18, 20 మధ్యకు వచ్చి, గర్భసంచి పొర మూడు గీతలుగా కనిపిస్తే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇస్తారు. సుమారు 36 గంటలకు గుడ్డు విడుదలవుతుంది.

బరువు సంగతి చాలామంది డాక్టర్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ‘తగ్గి రామ్మా’ అంటారు. ఎంత తగ్గాలో చెప్పరు. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి దారికి వస్తుంది. 80 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. డెల్టా ఇంట్లో అన్నం మానమంటే ఎవరూ వినరు. కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ చోట్లో పప్పూ కూరా పెంచమంటే వింటారు. వీటికంటే ముందు భర్తకు వీర్య పరీక్ష చేయించాలి. అదొక్కటి తప్ప అన్ని పరీక్షలూ చేయించుకుని వచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గుడ్డు రాకపోతే మరుసటి నెల లెట్రోజోల్ మోతాదు 5 మిల్లీగ్రాములకు, ఆపైన 7.5కి పెంచుతారు. గుడ్లు ఎక్కువైతేనే డాక్టరుకు అసలు పరీక్ష. ఒక్కోసారి ఒకేసారి మూడు నాలుగు ఫాలికిల్స్ పెరిగిపోతాయి. కవలలు పుడతారని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. ముగ్గురు నలుగురు పడితే నెలలు నిండకుండా పుట్టే బిడ్డల పరిస్థితి ఏమిటో డాక్టరుకు తెలుసు. డబ్బు కట్టి, నెల రోజులు ఎదురుచూసి వచ్చిన జంటతో ‘ఈ నెల వద్దు, ఇంజెక్షన్ ఇవ్వను, మీరూ జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పగలిగిన డాక్టరు దగ్గరికే నేనైతే మా ఆడపిల్లను పంపిస్తాను.