పాత పాటకు రెండో కాలం

మన ఊళ్లలో ఆర్కెస్ట్రా కుర్రాడికి దక్కే పెద్ద మెచ్చుకోలు ఒకటుంది: "కళ్లు మూసుకుని వింటే అచ్చం ఘంటసాలే!" ఆ మాట వినగానే కుర్రాడి మొహం వెలిగిపోతుంది. వెలగాలి కూడా. ఆ గమకం, ఆ ఊపిరి, ఆ మాట విరుపు గొంతులోకి రావాలంటే ఎంత సాధన కావాలో పాడేవాళ్లకు తెలుసు. ఆ కష్టాన్ని నేను ఎన్నడూ చిన్నచూపు చూడను. కానీ ఒకరు పాడిన పాటను మళ్లీ పాడటమనే విద్యలో అది మొదటి మెట్టు. ఆ పైన మరో మెట్టుంది. దాని గురించి ఎవరైనా అడిగితే నేనొక ఇంగ్లీషు పాటను, అది నడిచొచ్చిన దారిలోనే, ఒకదాని తర్వాత ఒకటిగా వినిపిస్తాను. ఆ పాట పేరు 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్'.

అమెరికా నల్లవాళ్ల సోల్ సంగీతంతో పరిచయం ఉన్నవాళ్లకు ఈ పేరు చెప్పగానే గాయకుడు ఓటిస్ రెడింగ్ గుర్తొస్తాడు. అది ఆయన సొంత పాటే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఓటిస్ 1941లో పుట్టేనాటికే దానికి తొమ్మిదేళ్లు నిండబోతున్నాయి. ఇంగ్లండుకు చెందిన జిమ్మీ క్యాంప్‌బెల్, రెజ్ కానెలీ, అమెరికాకు చెందిన హ్యారీ వుడ్స్ కలిసి రాసిన పాట అది. 1932 డిసెంబరులో రే నోబుల్ ఆర్కెస్ట్రా దాన్ని మొదట రికార్డు చేసింది. పాడింది వాల్ రోజింగ్. డాన్సు హాల్లో జంటలు నెమ్మదిగా అడుగులు వేయడానికి కట్టిన బాణీ. అందులో ఉన్నది మగవాడికి ఒక హితవు: ఆమె అలిసిపోయి ఉంటుంది, అదే పాత గౌను రోజూ తొడుక్కుని నెట్టుకొస్తోంది, కాస్త ఆదరంగా చూసుకో అని. అవి మహామాంద్యం రోజులు. చిరుగు గౌను మాట వింటున్నవాళ్లలో చాలామందికి అది తమ ఇంటి సంగతే.

మరుసటి ఏడే రూత్ ఎటింగ్, బింగ్ క్రాస్బీ ఆ పాట పాడారు. 1946లో వచ్చిన ఫ్రాంక్ సినాట్రా తొలి ఆల్బమ్‌లోనూ అది ఉంది. నాలుగు తీగ వాద్యాలు, వెనక చిన్న రిథమ్ బృందం, ముందు ఆ పట్టులాంటి గొంతు. సినాట్రా ఒక్కో మాటనూ చెవిలో చెప్పినట్టు పలుకుతాడు. 1962లో అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు, కొలంబియా కంపెనీలో ఉంది, ఆమెను సోల్ రాణిని చేసిన రికార్డులు ఇంకా రాలేదు. 1964లో స్టాన్లీ కుబ్రిక్ 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' సినిమా టైటిళ్ల మీద మాటల్లేకుండా వట్టి బాణీనే వాడుకున్నాడు. ఆకాశంలో ఒక విమానం ఓ యుద్ధవిమానానికి ఇంధనం అందిస్తూ ఉంటుంది, వెనక ఈ లాలిత్యం వినిపిస్తూ ఉంటుంది. ఆ ముప్పై ఏళ్లలో పాట ఎన్ని గొంతులు మారినా స్వభావం మారలేదు. పెద్దమనిషి తీరిగ్గా కూర్చుని చెప్పే మంచి మాటగానే ఉండిపోయింది.

దారి మళ్లడం శామ్ కుక్ దగ్గర మొదలైంది. చర్చి పాటల నుంచి వచ్చి సోల్ సంగీతానికి పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1964 వేసవిలో న్యూయార్క్ కోపకబానా క్లబ్బులో చేసిన కచేరీలో, రెండు వేరే పాటలతో కలిపి గుత్తిగా, దీన్ని కొద్దిసేపు పాడాడు. ఆ కచేరీ రికార్డుగా వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో తుపాకీ గుండుకు బలయ్యాడు. ఓటిస్‌కు శామ్ కుక్ అంటే ప్రాణం. 1965లో వచ్చిన తన 'ఓటిస్ బ్లూ' ఆల్బమ్‌లో కుక్ పాటలే మూడు పాడాడు. ఆ మరుసటి ఏడు 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్' అందుకున్నాడు.

ఓటిస్ పాడిన చోటు గురించి కాస్త చెప్పాలి. మెంఫిస్ నగరంలో మూతపడ్డ ఒక సినిమా హాలును స్టాక్స్ రికార్డు కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. కుర్చీలు తీసేశారు గానీ నేల వాలు అలాగే ఉండిపోయింది. అక్కడి ఆస్థాన బృందంలో గిటారిస్టు స్టీవ్ క్రాపర్, బేస్ వాయించే డక్ డన్ తెల్లవాళ్లు. ఆర్గన్ వాయించే బుకర్ టి. జోన్స్, డ్రమ్మర్ అల్ జాక్సన్ నల్లవాళ్లు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య బతుకంతా గీతలు గీసి ఉన్న ఆనాటి మెంఫిస్‌లో, ఆ గదిలో మాత్రం వాళ్లు పక్కపక్కన కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ వాయించారు. 1966లో ఈ పాటకు వాద్యాల అమరిక రూపుదిద్దడంలో, అప్పటికి గాయకుడిగా పేరు రాని ఐజాక్ హేస్ హస్తం ఉంది.

ఇప్పుడు ఆ రికార్డింగు వినండి. మొదట బాకాలూ శాక్సోఫోన్లూ ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ వస్తాయి. ఓటిస్ చాలా నెమ్మదిగా, దాదాపు మాట్లాడినట్టు మొదలుపెడతాడు. మొదటి చరణమంతా విలంబమే. రెండో చరణం అందుకునే చోట డ్రమ్మర్ అల్ జాక్సన్ పుల్లతో స్నేర్ డ్రమ్ము అంచు మీద కొట్టడం మొదలుపెడతాడు. టిక్, టిక్, టిక్, టిక్. గోడగడియారంలా, హెచ్చుతగ్గుల్లేకుండా. పాడే గొంతు మొదటి కాలంలోనే ఉంది, పుల్ల మాత్రం రెండో కాలంలోకి వెళ్లిపోయింది. మన సంగీతం విన్న చెవికి ఈ పని వెంటనే పట్టుబడుతుంది. నేనైతే ఒక్కోసారి మిగతా అన్నీ వదిలేసి ఆ టిక్కుల వెంటే పోతాను, బల్ల మీద వేలితో తాళం వేసుకుంటూ. పాట ఇంకా తాపీగానే ఉన్నట్టుంటుంది. కానీ కాలం గడిచిపోతోందని ఆ పుల్ల చెబుతూనే ఉంటుంది.

ఆ తర్వాత గిటారు చేరుతుంది, డ్రమ్ములు పూర్తిగా విచ్చుకుంటాయి, స్వరాలు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాయి. చివరికొచ్చేసరికి ఓటిస్‌కు వాక్యాలు చాలవు. మాటను అక్షరాలుగా విరుస్తాడు, అదే అక్షరాన్ని తిప్పి తిప్పి కొడతాడు, అరుస్తాడు, ఊపిరి ఎగబీలుస్తాడు. త్యాగరాజ కృతిలో ఒకే పంక్తికి సంగతి మీద సంగతి వేసి పైస్థాయికి తీసుకెళ్లే గాయకుడికి ఈ పద్ధతి కొత్తకాదు. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒకటే: ముందు నేల గట్టిగా పరచాలి, ఆ తర్వాతే ఎగరాలి. మొదటి నిమిషంలో ఓటిస్ పాటించిన ఆ నిగ్రహం లేకపోతే చివరి నిమిషంలోని కేక వట్టి గోలయ్యేది.

అంతసేపూ ఆయన చెప్పిన విషయం మాత్రం పాతదే. అదే అలసిన మనిషి, అదే పాత బట్టలు, అదే హితవు. ముప్పై ఏళ్లుగా నిదానంగా చెప్పిన హితవును ఓటిస్ ఆగలేనితనంతో చెప్పాడు. అలసి కూర్చున్న మనిషికి ఆదరణ రేపెప్పుడో అందితే సరిపోదు, ఇప్పుడే కావాలి. ఆ తొందర 1932 నాటి మాటల్లోనే దాగి ఉంది. మాంద్యం కాలపు చిరుగు గౌనులోనే ఉంది. ఎవరూ దానికి తాళం కట్టలేదు, అంతే. ఈ పాట చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. ఓటిస్ ఆ పాటలో లేనిది తెచ్చి అతికించలేదు. ఉన్నదాన్ని విన్నాడు.

అమెరికాలో ఆ పాట పాప్ పట్టికలో 25వ స్థానం దాకా, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. అంకెలు ఆకాశాన్ని అంటలేదు గానీ ఓటిస్ కచేరీలకు అదే మంగళం అయింది. 1967 వసంతంలో యూరప్ యాత్రలో రికార్డు చేసిన ఆల్బమ్ దానితోనే ముగుస్తుంది. అదే ఏడాది జూన్‌లో మాంటెరీ సంగీతోత్సవంలో, ఎక్కువగా తెల్ల యువతీయువకులతో నిండిన మైదానం ముందు, చివరగా పాడింది ఇదే. డిసెంబరు 10న విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆయన విమానం సరస్సులో కూలింది. అప్పటికి ఓటిస్ వయసు ఇరవై ఆరు.

చట్టం సంగతీ ఒకటి చెప్పాలి. అమెరికాలో 1909 నుంచే ఒక ఏర్పాటుంది. ఒక పాట ఒకసారి రికార్డయ్యాక, ప్రతి కాపీకీ నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. ఓటిస్ రోజుల్లో ఆ రుసుము కాపీకి రెండు సెంట్లు. ఆ దేశంలో ఒకే పాటకు అన్ని రూపాలు పుట్టడానికి అదొక ముఖ్య కారణం. అయితే రచయితల వాటా మొదటి ముగ్గురిదే. పాట నడకను తలకిందులు చేసిన గాయకుడికీ, డ్రమ్మరుకూ అందులో భాగం లేదు. మన దేశంలో 2012 సవరణ ప్రకారం తొలి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి, హక్కుదారుకు ముందుగా రాయల్టీ చెల్లించాలి, పైగా పాటలో వాళ్ల సమ్మతి లేని మార్పులు చేయకూడదు. హక్కుల రక్షణ అవసరమే, కాదనను. కానీ ఓటిస్ చేసిన పనిలాంటిది ఆ గీతల మధ్య ఎంతవరకు పుడుతుందో ఆలోచించాల్సిన విషయం.

ఓటిస్ తర్వాత కథ ఆసక్తిగా మారింది. 1969లో త్రీ డాగ్ నైట్ బృందం ఈ పాటతో పట్టికలో 29వ స్థానం అందుకుంది. 1986లో 'ప్రెట్టీ ఇన్ పింక్' సినిమాలో ఓ కుర్రాడు రికార్డుల దుకాణంలో ఓటిస్ గొంతుకు పెదాలు కలుపుతూ ఒళ్లు మరిచి గంతులేస్తాడు. 1991లో అలన్ పార్కర్ తీసిన 'ది కమిట్‌మెంట్స్' చిత్రంలో డబ్లిన్ శ్రామికవాడల కుర్రాళ్లు సోల్ బృందం కడతారు. అందులో ఆండ్రూ స్ట్రాంగ్ ఈ పాట పాడుతుంటే టీనేజీ పిల్లాడి గొంతు అంటే నమ్మబుద్ధి కాదు. ఇవన్నీ నాకు ఇష్టమే. కానీ ఒకటి గమనించండి: వీళ్లెవరూ 1932 దాకా వెళ్లలేదు. ఓటిస్ కట్టిన నడకనే మూలంగా తీసుకున్నారు. అదే నెమ్మది, అదే టిక్కు, అదే కేక. కవర్ పాటే అసలు పాట అయికూర్చుంది.

ఆ వరస తప్పించింది 2011లో జే-జీ, కాన్యే వెస్ట్. ఓటిస్ గొంతును ముక్కలుగా కోసి, ఆ అరుపులనే తాళంగా అమర్చి, దాని మీద తమ ర్యాప్ చెప్పుకున్నారు. పాటకు పేరే 'ఓటిస్' అని పెట్టారు. దానికి గ్రామీ వచ్చింది. ఆ ర్యాప్‌లో అలసిన మనిషి ఊసు లేదు, ఆదరణ లేదు. సిరిసంపదల ప్రదర్శన ఎక్కువ. ఆ లోటు నన్ను బాధిస్తుంది. అయినా పనితనం దృష్టితో చూస్తే, ఓటిస్ కేకలో ఒక వాద్యం ఉందని విన్న చెవులవి. రచయితల పేర్లలో క్యాంప్‌బెల్, కానెలీ, వుడ్స్ ఇంకా ఉన్నారు, డెబ్బై తొమ్మిదేళ్ల తర్వాత కూడా.

ఆ మధ్య విజయవాడలో తెలిసినవాళ్లింట్లో కవర్ పాటలు చేసే ఒక అమ్మాయి అడిగింది, "సార్, పాత పాటను ఎంతవరకు మార్చొచ్చంటారు?" అని. "ఎంతవరకు అన్నది తర్వాత చూద్దువు గానీ అమ్మా, ముందు ఆ పాటలో ఏ మాట నిన్ను నిలవనీయడం లేదో చెప్పు" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, పల్లవి వదిలేసి, చరణంలోని ఒక మామూలు మాట చెప్పింది. అక్కడి నుంచి మొదలుపెట్టమన్నాను. కొత్త బీటు, గిటారు, రీవెర్బ్ ఇవేవీ మొదలు కావు. మాట ఎక్కడ గుచ్చుకుందో తెలిస్తే తాళం దానంతట అదే దారి చూపిస్తుంది. ఓటిస్‌కు ఆ చోటు తెలిసింది కాబట్టే అల్ జాక్సన్ పుల్లకు అంత అర్థం వచ్చింది.

వినేవాళ్లకూ ఇందులో పని ఉంది. తెలిసిన పాటను ఎవరైనా వేరే నడకలో ఎత్తుకోగానే "పాత పాటను ఖూనీ చేశాడు" అనేస్తాం. చాలాసార్లు ఆ ప్రయత్నాలు ఆ మాటకు తగ్గట్టే ఉంటాయి, అది నిజమే. కానీ తాపీగా సాగే డాన్సు పాటను కేకగా మార్చిన రోజున మెంఫిస్ గదిలో ఉన్నవాళ్లు ఆ మాట అని ఊరుకుంటే, సోల్ సంగీతానికి ఒక పతాక దక్కేది కాదు. మార్పును చూసి కాదు, ఆ మార్పు పాటలోని ఏ మాటను బతికించిందో చూసి తీర్పు చెబుదాం. దానికి ఒక్కటే షరతు: చివరిదాకా వినాలి. ఓటిస్ పాట మొదటి నిమిషం దగ్గరే ఆపేసినవాళ్లకు అదొక నెమ్మది పాటగానే మిగిలిపోతుంది.