మిస్ షెఫాలీ పనితనం

సత్యజిత్ రాయ్ ‘ప్రతిద్వంద్వి’ (1970)లో ఒక నర్సు పాత్ర ఉంది. నర్సు ఉద్యోగం చేస్తూనే ఇంటికొచ్చే విటులతో నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంది. ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్న కథానాయకుణ్ని స్నేహితుడు ఆమె దగ్గరికి తీసుకెళతాడు. ధృతిమాన్ చటర్జీ వేసిన ఆ కుర్రాడు కాసేపు బిగుసుకుపోయి కూర్చుని, ఉండలేక లేచి బయటపడతాడు. సినిమా చూసినవాళ్లకు అతని అసహ్యం గుర్తుంటుంది, రాయ్ గొప్పతనం గుర్తుంటుంది. ఆ నర్సును తలుచుకునేవాళ్లు తక్కువ. సిగ్గు నటించకుండా, జాలి అడుక్కోకుండా, తన గదిలో తాను ఉన్నట్టుగా మెలిగిన ఆ మనిషి వృత్తిరీత్యా సినిమా నటి కాదు. అప్పటికే కోల్‌కతాలో రాత్రి విందులకు వెళ్లేవాళ్లందరికీ ఆమె పేరు తెలుసు. మిస్ షెఫాలీ. నగరంలో పేరు మోసిన క్యాబరే డాన్సర్.

మరుసటి ఏడాది ‘సీమాబద్ధ’లో రాయ్ ఆమెకు వేరే వేషం కట్టబెట్టలేదు. క్యాబరే డాన్సర్‌గానే తెరమీదికి తెచ్చారు.

అసలు పేరు ఆరతి దాస్. పుట్టింది తూర్పు బెంగాల్‌లోని నారాయణ్‌గంజ్‌లో. దేశ విభజన దెబ్బకు అటునుంచి ఇటు వచ్చి పడిన లక్షల కుటుంబాల్లో ఆమెది ఒకటి. ఉత్తర కోల్‌కతాలోని అహిరీటోలాలో చాలీచాలని బతుకు. పదకొండు పన్నెండేళ్ల వయసుకే ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పనిపిల్లగా చేరింది. ఆ ఇంట్లో విందులు జరిగేవి, పాటలు మోగేవి, జంటలు కాళ్లు కదిపేవి. వడ్డించే పిల్ల తలుపు వార నిలబడి చూసింది. చూసింది చూసినట్టు ఒంటరిగా చేసి చూసుకుంది. ఆమె నాట్య పాఠశాల అదే. ఆ విందులకు వచ్చే ఒక గాయకుడి సాయంతో ఫిర్పోస్ అనే రెస్టారెంటులో డాన్సర్‌గా కొలువు దొరికింది. ఆరతి పేరు అక్కడ షెఫాలీగా మారింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. ఆమె మీద వచ్చిన వ్యాసాల్లో ఈ ఘట్టాన్ని పేదపిల్ల అదృష్టం పండినట్టు రాస్తారు. అప్పటికి ఆమె ఇంకా పిల్ల. బడిలో ఉండాల్సిన వయసులో ఆ పిల్లను మొదట పనికి, తర్వాత రాత్రి కొలువుకు పంపింది పేదరికం. ఆ పిల్ల వయసెంతని అడగాలన్న ఆలోచన ఆ హోటల్లో ఒక్కరికీ వచ్చినట్టు లేదు. షెఫాలీ తర్వాత ఎంత ఎత్తుకు ఎదిగినా ఆ తప్పు తప్పుగానే ఉంటుంది. ఆమె పనితనాన్ని మెచ్చుకోవడానికి దాన్ని మాఫీ చేయనక్కరలేదు.

చౌరంగీ రోడ్డు మీద ఫిర్పోస్ అంటే మామూలు హోటలు కాదు. ఆంజెలో ఫిర్పో అనే ఇటాలియన్ పెట్టిన రెస్టారెంటు. దొరల కాలంలో దొరలకు, దొరలు పోయాక వాళ్ల కుర్చీల్లో కూర్చున్న కంపెనీ అధికారులకు, వ్యాపారులకు అది సాయంత్రపు కొలువుకూటం. పక్కనే గ్రాండ్ హోటల్. కాస్త నడిస్తే పార్క్ స్ట్రీట్‌లో మొకాంబో, ట్రింకాస్, బ్లూ ఫాక్స్. ఒక్కోచోట ఒక్కో బ్యాండు, ఒక్కో గొంతు. 1960ల చివర ట్రింకాస్‌లో పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని ఇంగ్లిషు పాటలు అందుకున్న ఉషా ఉతుప్‌ని మనవాళ్లు కూడా ఎరుగుదురు. ఆ వీధుల్లో అంతకుముందు డాన్సు చేసినవాళ్లలో ఎక్కువమంది విదేశీ వనితలో ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలో. ఒక బెంగాలీ శరణార్థి కుటుంబపు పిల్ల వాళ్ల సరసన నిలబడటం, తర్వాత వాళ్లను దాటి పోవడం అప్పటి నగరానికి కొత్త.

ఆమె చేసిన డాన్సుల పేర్లు చూడండి. హవాయి హులా, చార్ల్‌స్టన్, క్యాన్‌క్యాన్, ట్విస్ట్, బెల్లీ డాన్స్. ‘ఒళ్లు తిప్పడం’ అని ఒకే గంపలో పడేసే ఇవి నిజానికి వేర్వేరు వ్యాకరణాలు. హులాలో నడుము అలలా సాగుతుంటే చేతులు కథ చెబుతాయి. చార్ల్‌స్టన్ మోకాళ్లది, మడమలది. 1920ల నాటి జాజ్ తాళానికి అడుగు పక్కకు జారాలి. క్యాన్‌క్యాన్ పారిస్ సరుకు, కాలు తలకంటే ఎత్తు లేవాలి, లేచిన కాలు మళ్లీ తాళంలోనే దిగాలి. బెల్లీ డాన్సులో పొట్ట కదిలినప్పుడు భుజం కదలకూడదు. ఒక్కోదానికి ఒక్కో కండరం, ఒక్కో ఊపిరి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళం తప్పకుండా కదిలే కూచిపూడి కళాకారిణికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. కాకపోతే ఆమె వెనుక గురువు ఉంటాడు, ఊరు ఉంటుంది. షెఫాలీ వెనుక ఒక ఇంటి విందుగది ఉంది.

క్యాబరేలో అసలు కష్టం అడుగుల్లో లేదు, ఎదుట ఉన్న జనంలో ఉంది. నాటకానికి వచ్చినవాడు నాటకం చూడటానికి వస్తాడు. ఫ్లోర్ షోకి వచ్చినవాడు తినడానికి, తాగడానికి, పక్కవాడితో బేరం కుదుర్చుకోవడానికి వస్తాడు. ముందు అతని చేతిలోని ఫోర్కు ఆగాలి. పైగా ఎత్తయిన వేదిక ఉండదు. బల్లల మధ్య నేల మీదే ఆట. చూసేవాడికీ ఆడేదానికీ నడుమ నాలుగడుగులు కూడా ఉండని చోటు. తాగిన చూపును దగ్గరికి రానిస్తున్నట్టే ఉండాలి, రానివ్వకూడదు. బ్యాండు ప్రత్యక్షంగా వాయిస్తుంటుంది కాబట్టి రెండో టేక్ లేదు, ఎడిటింగ్ బల్ల మీద సర్దుకోవడం లేదు. దుస్తులు తక్కువయ్యేకొద్దీ తప్పు దాచుకునే చోటు కూడా తక్కువవుతుంది. పరికిణీ కుచ్చిళ్లలో కప్పిపుచ్చుకునే తడబాటును అక్కడ ప్రతివాడూ పట్టేస్తాడు. ఇంత చేసి ఆమె తెచ్చుకున్న డబ్బుతో ఒక శరణార్థి కుటుంబం పొయ్యి వెలిగింది.

ఫిర్పోస్ తర్వాత గ్రాండ్. ఆ తర్వాత ఉత్తర కోల్‌కతా నాటకశాలలు. మలుపు అక్కడే ఉంది. రచయిత శంకర్ ‘చౌరంగీ’ నవల (1962)లో షాజహాన్ హోటలు ఉంది, అందులో కాన్నీ అనే స్కాట్లండ్ క్యాబరే డాన్సర్ ఉంది. ఆ నవలను విశ్వరూపా థియేటర్లో నాటకంగా ఆడినప్పుడు డాన్సు షెఫాలీది. పుస్తకంలో తెల్లపిల్ల చేసిన పనిని వేదిక మీద బెంగాలీ ఆడది చేస్తుంటే, గ్రాండ్ హోటలు మెట్లెక్కే స్తోమత లేని గుమస్తాలు, బడిపంతుళ్లు టికెట్టు కొనుక్కుని చూశారు. అప్పటిదాకా డబ్బున్నవాళ్ల విందులో ఉన్న డాన్సు ఇప్పుడు మధ్యతరగతికి అందింది. గొడవ కూడా అప్పుడే ముదిరింది. హోటల్లో ఉన్నంతకాలం అది వినోదం. ఉత్తర కోల్‌కతా హాతీబాగాన్ నాటకశాలకు వచ్చేసరికి అది అపసంస్కృతి!

ఈ అపసంస్కృతి అనే ముద్ర 1977లో వామపక్ష ప్రభుత్వం వచ్చాక రాజకీయ బలం పుంజుకుంది. 1980ల మొదట్లో ఉషా ఉతుప్ పాటకచేరీకి సైతం ప్రభుత్వ హాలు ఇవ్వబోమని ఒక మంత్రి అడ్డుపడ్డారు, ఆమె కోర్టుకెక్కి నెగ్గారు. నిలువెల్లా పట్టుచీర చుట్టుకున్న గాయని గతే అదైతే క్యాబరే డాన్సర్ గతి చెప్పేదేముంది. అయితే మొత్తం నేరం పార్టీ మీదే తోసేయడం కూడా న్యాయం కాదు. నక్సల్బరీ రోజుల భయం, కరెంటు కోతలు, ఊరు విడిచిపోతున్న కంపెనీలు, వలసపోతున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వినోదపు పన్ను అన్నీ కలిసి చౌరంగీ రాత్రులను మెల్లగా ఆర్పేశాయి. ఫిర్పోస్ మూతపడి బట్టలు, చిల్లర సరుకులు అమ్మే మార్కెట్ అయింది.

హోటల్లో వినోదం, నాటకశాలలో అపసంస్కృతి అన్నట్టే చట్టం చూపు కూడా మెల్లకన్ను. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం బార్లలో డాన్సులు నిషేధించినప్పుడు త్రీ స్టార్, ఆపై హోటళ్లకు మినహాయింపు ఇచ్చింది. చిన్న బార్లో అశ్లీలమైనది పెద్ద హోటల్లో ఎలా కాకుండా పోతుందని బొంబాయి హైకోర్టు ప్రశ్నించి నిషేధాన్ని కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆలోపు రోడ్డున పడిన ఆడవాళ్లు ఏం తిన్నారో తీర్పులో ఉండదు.

మన దగ్గర కథ వేరుగా ఉందనుకోవడం భ్రమ. కందుకూరి వీరేశలింగం భోగం మేళాల మీద కత్తి కట్టారు. అందులో మంచి ఉద్దేశమే ఉంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. మేళాలు పోయాయి, విద్య కొంత పెద్దింటి పిల్లల అరంగేట్రాలకు చేరింది, దాన్ని మోసుకొచ్చిన ఆడవాళ్లు చాలామంది చీకట్లో కలిసిపోయారు. తర్వాత సినిమా వచ్చి జ్యోతిలక్ష్మిని, జయమాలినిని, ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లిన విజయలక్ష్మిని తెచ్చింది. విజయలక్ష్మి 1980లో ‘వండిచక్కరం’ తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరుతో సిల్క్ స్మిత అయ్యారు. నాలుగు వందలకు పైగా సినిమాలంటారు. ఆమె పాట లేకపోతే బయ్యర్లు డబ్బాలు కొనని కాలం ఒకటి నడిచింది. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో ఆమె చనిపోయాక వచ్చిన రాతల్లో మరణం గురించి ఉన్నంత పని గురించి లేదు. కళ్లు ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు నిలపాలో ఆమెకు తెలిసినంతగా తెలిసిన నటులు ఆ రోజుల్లో ఎందరున్నారో లెక్కపెట్టడానికి రెండు చేతులు అక్కరలేదు.

బర్మా నుంచి యుద్ధకాలంలో నడిచి వచ్చిన హిందీ సినిమా డాన్సర్ హెలెన్ కుటుంబం బొంబాయి చేరే ముందు తలదాచుకున్నది కూడా కోల్‌కతాలోనే. హెలెన్‌కు 2009లో పద్మశ్రీ దక్కింది. అది సినిమా బలం. రీలు మీద ఉన్న డాన్సును ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా చూసి మనసు మార్చుకోవచ్చు. హోటల్ ఫ్లోర్ మీది డాన్సు ఆ రాత్రితో సరి. షెఫాలీ రాత్రుల్లో మనకు మిగిలినవి రాయ్ సినిమాల్లోని కొన్ని నిమిషాలు, మరికొన్ని బెంగాలీ చిత్రాలు, ఫొటోలు, తన బతుకును తానే చెప్పుకున్న ‘సంధ్యా రాతేర్ షెఫాలీ’ పుస్తకం. అందులో పెద్దవాళ్ల పేర్లు వెతుక్కుని చదివినవాళ్లే ఎక్కువ. బెంగాలీ హీరో ఉత్తమ్ కుమార్‌తో స్నేహం గురించి అడగని విలేకరి లేడు. క్యాన్‌క్యాన్ ఎలా పట్టుబడిందని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

2020 ఫిబ్రవరి 6న కోల్‌కతా శివార్లలోని సోదేపూర్‌లో ఆమె కన్నుమూశారు. చివరి రోజుల్లో జబ్బు, డబ్బుకు ఇబ్బంది. మరునాడు పత్రికలు ‘క్యాబరే రాణి’ అన్నాయి.

ఈ నగరం ఇలాంటి బాకీలు తీర్చడానికి ఎంతకాలం తీసుకుంటుందో చెప్పే దాఖలా ఒకటుంది. వేశ్యావాటిక నుంచి పన్నెండేళ్ల ప్రాయంలోనే రంగస్థలం ఎక్కిన వినోదినీ దాసి 1883లో స్టార్ థియేటర్ కట్టడానికి తన్నుతాను తాకట్టు పెట్టుకుంది. ఆమె కోసమే డబ్బు పెట్టడానికి ఒక ధనవంతుడు సిద్ధపడ్డాడు, థియేటర్‌కు ఆమె పేరు పెడతామని తోటివాళ్లు మాటిచ్చారు. రిజిస్టరు చేసేటప్పుడు ‘స్టార్’ అని రాయించారు. వేశ్య పేరున్న చోటికి జనం రారని సాకు. 1884లో ‘చైతన్య లీల’లో ఆమె నటన చూసి రామకృష్ణ పరమహంస దీవించారు, అయినా ఆ బోర్డు మారలేదు. ఇరవై నాలుగేళ్లు నిండకుండానే ఆమె రంగస్థలం వదిలేసి, తర్వాత తన కథ తానే రాసుకున్నారు, 1941లో పోయారు. స్టార్ థియేటర్‌కు వినోదిని పేరు పెడుతున్నట్టు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రకటించింది 2024 డిసెంబరు 30న. నూట నలభై ఏళ్లు దాటాక!

షెఫాలీ విషయంలో అంతకాలం ఆగే అవకాశం కూడా లేదు. వినోదినికి నాటకాల ప్రతులున్నాయి, నాటకకర్త గిరీశ్ ఘోష్ ఉన్నాడు. క్యాబరేకు ప్రతి ఉండదు. ఆ బ్యాండుల్లో వాయించినవాళ్లలో, ఆ దుస్తులు కుట్టినవాళ్లలో ఇంకా ఎవరైనా మిగిలుంటే ఇప్పుడే మాట్లాడించి రికార్డు చేయాలి. ఆ పని కోల్‌కతా విశ్వవిద్యాలయాలది.

మన వంతు పని మన దగ్గరే ఉంది. జాతరల్లో, తిరునాళ్లలో, సంక్రాంతి రాత్రుల్లో రికార్డింగ్ డాన్సులు చేసిన ఆడవాళ్లు అరవై దాటి ఆంధ్ర పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఏటా పండక్కి పోలీసు నిషేధం వార్తల్లో తప్ప వాళ్ల ప్రస్తావన రాదు. మీ ఊళ్లో అలాంటి ఆవిడ ఉంటే, ఆమె ఇష్టపడితే, కూర్చుని అడగండి: అడుగు ఎవరి దగ్గర చూసి నేర్చుకుంది, రాత్రికి ఎంత ఇచ్చేవారు, అందులో మేళం పెద్దకు ఎంత పోయేది, ఏ పాటకు జనం లేచేవారు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, వద్దన్న పేరు కొట్టేసి, మిగిలినది ఏదైనా పత్రికకు పంపండి.