చింతగింజ జెల్లు: మెట్టపొలము కోరు పరీక్ష

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగు రైతునకు నీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. చిత్రావతి ఇచ్చటనే పుట్టినను వానలనే నమ్ముకొన్న నది. ఏడాది పొడవున పారు ఏరు లేదు. చెఱువులును, నానాటికి లోతగుచున్న బోరుబావులును దిక్కు. ఇట్టి నేలకు, నీటిని పీల్చి నిలుపుకొను హైడ్రోజెల్ వరప్రసాదమని వ్రాయు వ్యాసములు పెక్కు వెలువడుచున్నవి. వానిలో తరచుగ కానవచ్చు మూడు మాటలు పరీక్షింపదగినవి.

మొదటిది, “మొక్కలనుండి చేసినది” అనుట. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా హైడ్రోజెల్ సెల్యులోజునకు అక్రిలేటు గొలుసులను అంటుగట్టి చేసినది. సెల్యులోజును నేలలోని సూక్ష్మజీవులు తినును. అక్రిలేటు గొలుసు మిక్కిలి నెమ్మదిగ శిథిలమగును. కావున మొక్కకు చెల్లు గుణమును జెల్లంతటికిని ఆరోపించుట తగదు.

రెండవది, “350 రెట్లు నీరు త్రాగును” అనుట. అది శుద్ధజలమున తీసిన కొలత. బోరునీటిలోని కాల్షియము గొలుసులను దగ్గరకు లాగి కట్టివేయగా జెల్లు ఉబ్బుట తగ్గును. మరియు జెల్లు త్రాగిన నీరంతయు వేరునకు దక్కునని చెప్పరాదు.

మూడవది, “మట్టిలో కలిసిపోవును” అనుట. ఎన్ని నెలలకు? రాగిపైరు నాలుగు నెలలది. పంట చేతికి రాకముందే కరిగిన జెల్లు వ్యర్థము. ఏండ్ల తరబడి మిగిలినది నేలకు బరువు.

ఈ సీమలో చింతపండు కొట్టగా మిగులు గింజలు ఇచ్చట ఆలోచింపదగినవి. వాని పిండి నూలునకు గంజిగ పనికివచ్చునని 1940ల దశకముననే దెహ్రాదూన్ అటవీ పరిశోధనాలయమువారు చూపిరి. అందలి జైలోగ్లూకాన్ నీటిలో చిక్కని బంకయగునే గాని నిలుకడగల జెల్లు కాదు. నిమ్మ ఉప్పు చేర్చి వేడిచేసిన గొలుసుల నడుమ ముడులు పడును; ఆ ముడులు మట్టిలో క్రమముగ విడిపోవును. ఇది స్వతః విద్యుదావేశము లేనిది. తక్కువ త్రాగును, కాని కఠినజలమునకు అంతగా లొంగదు. ఎక్కువ త్రాగింపదలచి కార్బాక్సీ సమూహములు చేర్చినచో కాల్షియము బెడద మరల వచ్చును.

కావున చింతగింజ జెల్లును అంకెల పెద్దదనముచే తూచరాదు. ఏ నీట కొలిచిరి, వేరునకెంత దక్కెను, ఎన్నినాళ్ళకు శిథిలమయ్యెను అను మూడింటిని ఈ సీమ బోరునీటితో, ఈ సీమ ఎఱ్ఱమట్టిలో పరీక్షించి ప్రకటింపవలెను. అప్పు తెచ్చి బోరు వేసిన రైతు మరల జెల్లునకు అప్పు చేయుటకు ముందు అడుగదగిన ప్రశ్నలివియే.