పడ్డవాణ్ని ఎత్తే చేతులు

మా చిన్నాయన తాటిచెట్టు మీంచి పడ్డ రోజు ఆయన కాళ్లు పట్టి ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఆయనైతే అసలే అనలేదు. అయినా గీత వృత్తి గురించి ఎప్పుడు రాయబోయినా ముందు ఆ పూటే కళ్లముందు నిలుస్తుంది.

జనగామ దగ్గర ఊరు మాది. ఆశ్వయుజంలో రెండు రోజులుగా ముసురు. తడిసిన తాటి మొద్దు పాచి పట్టి సబ్బు రాసినట్టు ఉంటుంది. అలాగని ఇంట్లో కూర్చునే వీల్లేదు. పూట పూటకీ గెల కొన గీస్తేనే కల్లు పారుతుంది, గీత తప్పితే కొన ఎండిపోతుంది. పొద్దున్నే చిన్నాయన గీత కార్మికుల దేవుడైన కాటమయ్యకు దండం పెట్టుకుని, చెట్టెక్కే మోకూ ముత్తాదూ భుజానేసుకుని బయల్దేరాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు ఇంకా ఇరవై అడుగులు ఉందనగా మోకు జారింది. అరవై అడుగులు ఎక్కి దిగే మనిషికి ఇరవై అడుగులంటే ఇంటి గడపలోకి వచ్చేసినట్టే, ఒళ్లు కాస్త వదులవుతుంది. కానీ 20 అడుగుల నుంచి పడ్డ మనిషి సెకను పైచిలుకులో నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 40 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది.

“కాళ్లు ఏడున్నయో తెలుస్తలేదు కొడుకా” అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక కూడా మేం ఆగలేదు. ఇద్దరు చంకల కింద చేతులు పెట్టారు, ఇద్దరం కాళ్లు పట్టాం. మధ్యలో నడుము ఉయ్యాలలా వంగిపోయి ఊగుతుంటే పొలం గట్లు దాటించి, ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఎవరో చెంబుతో నీళ్లు పట్టారు. గుంతలున్న ప్రతిచోటా ఆయన కేక పెట్టాడు.

చాలా రోజుల తర్వాత ఫిజియోథెరపీ చేయడానికి వచ్చినాయన నాకు ఓపిగ్గా చెప్పాడు. వెన్నుపూస విరిగినంత మాత్రాన లోపలి వెన్నుపాము తెగినట్టు కాదు. విరిగిన ముక్క ఇంకా కదలకుండా ఉండొచ్చు. మనిషిని మడిచి ఎత్తినప్పుడు అది జరిగి నరాలను నలిపితే మిగిలిన స్పర్శ కూడా పోవచ్చు. చిన్నాయన కాళ్లను చెట్టు తీసుకుందా, మా చేతులు తీసుకున్నాయా? ఏ ఎక్స్‌రే కూడా ఇప్పుడు ఆ సంగతి తేల్చలేదు.

2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్షణ కవచాన్ని ప్రారంభించినప్పుడు నా కళ్లు చెమర్చాయి. కొండలెక్కేవాళ్ల పద్ధతిలో ఒంటికి పట్టీలు, చెట్టుకు తాడు. కాలు జారినా తాడు బిగుసుకుని మనిషిని అక్కడే ఆపుతుంది. ఇది ముప్పై ఏళ్ల ముందే రావాల్సింది. చేయి తిరిగిన గీత కార్మికులు కొందరు దాన్ని చిలక్కొయ్యకు తగిలించి మళ్లీ పాత మోకే పట్టుకుంటున్నారు. వాళ్లను మొండివాళ్లనడం నాకు ఇష్టం లేదు. రోజుకు పది చెట్లు, రెండు పూటలు. ఒక్కో ఎక్కుడుకు ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా రోజులో గంటన్నర దాటిపోతుంది. ఆ గంటన్నర కూలి ఎవరిస్తారు? చేయి అలవాటు పడితే ఆ నిమిషాలు తగ్గుతాయి. అంతదాకా పక్కన నిలబడి నేర్పే మనిషి ఉండాలి. ఒక్క రోజు శిక్షణతో అయ్యే పని కాదది.

ఇంకో సంగతి. కవచం నేలకు కొట్టుకోకుండా ఆపుతుంది, కిందికి మాత్రం దించదు. పట్టీల్లో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, స్పృహ తప్పుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. పాత మోకులో కాళ్లు ఇరుక్కుని తలకిందులుగా వేలాడినవాళ్ల సంగతి మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. తాటివనంలో ఒంటరిగా చెట్టెక్కకూడదని నేను పట్టుబట్టేది అందుకే. కేక వినిపించేంత దూరంలో ఇంకొకరు ఉండాలి, వాళ్లకు దించడం తెలిసి ఉండాలి.

మా వాడల్లో చెట్టెక్కడం తండ్రి కొడుక్కి నేర్పుతాడు. పడ్డవాణ్ని ఎత్తడం ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

చిన్నాయన ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు పని చిన్నమ్మ మీద పడింది. స్పర్శ లేని ఒళ్లు ఒకే పక్క ఒత్తుకుంటే పుండు పడుతుంది, పడిందని ఆ మనిషికి తెలియదు. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, రాత్రుళ్లు కూడా. ఆమె అలారం పెట్టుకుని లేచేది. మూత్రానికి గొట్టం శుభ్రంగా పెట్టడం ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకుంది. ఎక్స్‌గ్రేషియా డబ్బు వచ్చిందీ, అప్పులకు పోయిందీ. చిన్నమ్మ తెగిన నిద్రకు ఏ పథకంలోనూ లెక్క లేదు. మొదటి ఏడాది ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చక్రాల కుర్చీ వచ్చి, చేతుల బలంతో తనంతట తానే మంచం మీంచి అందులోకి జరగగలిగిన రోజు మాత్రం వాకిట్లోకి వచ్చి వనం వైపు చాలాసేపు చూశాడు.

ఇప్పుడు పిల్లలు మోకులు తెచ్చి ఆయనకు చూపిస్తారు. వేళ్లతో అంగుళం అంగుళం తడిమి, పోగు లేచినచోట గోరు పెట్టి చూస్తాడు. మొన్న ఆదివారం వాకిట్లో బొంత పరిచి తానే పడుకున్నాడు, పడ్డవాణ్ని ఎత్తడం నేర్పుతానని. ముందు 108కి ఫోను, నీళ్లు పట్టొద్దు, కదపొద్దు. వాళ్లు వచ్చి చేరేదాకా ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టాలి. తప్పనిసరై జరపాల్సి వస్తే మిగతావాళ్లు భుజం, నడుము, కాళ్లు పట్టి ఒంటిని దుంగలా ఒక్కసారే తిప్పాలి, కిందికి తలుపు రెక్క జరపాలి. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. కంగారులో “ఒకటి, రెండు” అనేశాను.

“తల పట్టినోడు లెక్కవెట్టాలె బిడ్డా, నువ్వు గాదు” అన్నాడు చిన్నాయన. “మళ్ల జెయ్యిండ్రి.”