ఇంటిపేరులో పులి, కథలో పొగమంచు

పాడేరు, అరకు, హుకుంపేట వైపు ఏ బడిలోనైనా హాజరుపట్టీ తెరవండి. కిల్లో, పాంగి, గొల్లోరి, వంతల, కిముడు, కొర్రా. మైదానం నుంచి కొత్తగా వచ్చిన మాస్టారికి ఇవి నోరు తిరగని ఇంటిపేర్లు. మనకు ఇవి పులి, గద్ద, కోతి, పాము, ఎలుగు, సూర్యుడు. ప్రతి ఉదయం పులి లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అంటుంది. గద్ద ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుంటుంది. కోతి రెండు రోజులుగా రావడంలేదు, సంతకు పోయిందట. కిల్లో వాళ్ళు కిల్లో వాళ్ళను చేసుకోరు కాబట్టి పులి ఇంటికి గద్దో పామో కోడలుగా రావాల్సిందే. పెళ్ళి పందిట్లో ఆటపట్టించుకోవడానికి వేరే సామెతలు వెతుక్కోనక్కర్లేదు. "మీ పాము మా పులిని అప్పుడే చుట్టేసింది గదే వదినా" అంటే చాలు, పందిరంతా నవ్వులే.

ఈ నవ్వు తెలుగు కథలో ఎక్కడుంది?

మన్యం మీద తెలుగులో వచ్చిన రాతలు తక్కువేమీ కాదు. మేము చదివినంత మేరకు వాటిలో జంతువు రెండు పనులే చేస్తుంది: అందంగా కనిపిస్తుంది, లేదా మనిషిని చంపుతుంది. కొండకూ రెండు పనులే: చూడవచ్చినవాడికి హాయినిస్తుంది, అక్కడ బతికేవాడిని ఏడిపిస్తుంది. ఆ బతికేవాడు కొండను చూసి, గొడ్డును చూసి, పిట్టను చూసి సంతోషపడే సంగతి దాదాపు లేదు. పండగనాటి సంతోషం కాదు మేము అడిగేది. మామూలు మంగళవారం నాడు గొడ్డలి భుజాన పెట్టుకుని పోతూ పోతూ పడే సంతోషం.

ముందు పెద్దవాళ్ళ దగ్గరికే వెళ్దాం. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' తెలుగువాళ్ళ నోళ్ళలో నానిన కావ్యం. భద్రాచలం అడవుల్లోని వాగు అది. అత్తింటి బాధ పడలేక అడవిలోకి వెళ్ళిపోయిన ఇల్లాలు వాగైపోతుంది, వెంట వచ్చిన భర్త శిలైపోతాడు. వాగు నడకను ఆయన విన్నంత శ్రద్ధగా విన్నవాళ్ళు అరుదు. ఆ మర్యాద ఇస్తూనే మాట్లాడుతున్నాం. కానీ ఆ కావ్యంలో వాగుకు వాగుగా ఉండే వీలు లేకపోయింది. మైదానపు పెద్దింటి కోడలి కష్టాన్ని దానికి తగిలించారు. ఆ ఒడ్డున గొడ్లు తోలుకుపోయే కోయ పిల్లవాడికి కిన్నెరసాని ఎవరి కోడలూ కాదు. ఏ మడుగులో ఏ చేప దాక్కుంటుంది, ఏ రాయి మీద కాలు జారుతుంది, నీళ్ళు ఎర్రబడితే పైన ఎటువైపు వాన పడింది, ఇవీ వాడు వాగు గురించి ఎరిగిన సంగతులు. వాగు ఏడుస్తోందని వాడికి ఎవరైనా చెబితే ముందు నవ్వుతాడు, తర్వాత చెప్పినవాడి వైపు జాలిగా చూస్తాడు.

తర్వాత శ్రీకాకుళం. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలను కాల్చి చంపాక తెలుగు కథ కొండెక్కింది. భూషణం 'కొండగాలి' లాంటి రచనల వల్ల షావుకారి కాటా, ఫారెస్టు గార్డు దౌర్జన్యం, చేజారిన పోడు మైదానపు పాఠకుడికి గట్టిగా తెలిశాయి. ఆ రుణం తీరేది కాదు. ఐతే ఆ వరసలో తర్వాత వచ్చిన చాలామంది చేతుల్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. కొండవాడు నవ్వితే కథ పలచబడుతుందని ఒక భయం. ఆకలి ఉన్నచోట ఆటలేమిటని ఒక అనుమానం. ఆకలి ఉన్న ఇంట్లోనే మేక ఈనిన పొద్దున పిల్లలు అంబలి తాగడం మరచిపోయి పాక దగ్గర కూచుంటారని వాళ్ళకు తెలియక కాదు. అది రాస్తే పోరాటం నీరుగారుతుందనుకున్నారేమో. మాకు మాత్రం తలకిందులుగా తోస్తుంది. పోగొట్టుకోవడానికి ఇష్టమైనది ఏదీ లేనివాడు దేనికోసం కొట్లాడతాడు?

ఇక ఇప్పటి రాతలు. వంజంగి కొండ మీదికి తెల్లవారక ముందే కార్లు వస్తున్నాయి. పరుచుకున్న మబ్బును ఫొటో తీసుకుని పొద్దెక్కేసరికి దిగిపోతారు. వాళ్ళు రాసే యాత్రాకథనాల్లో పొగమంచే కథానాయిక. మబ్బు అందంగా ఉంటుంది, మా కళ్ళకూ ఉంటుంది, దాన్ని కాదనం. కానీ అదే గంటలో, అదే మబ్బు కింద గొడ్లు కాసే మనిషికి పది బారల అవతల ఏమీ కనిపించదు. అప్పుడు చెవి పని మొదలవుతుంది. చెక్క గంట మందంగా, తడిసిన తలుపును తట్టినట్టు పలుకుతుంది. వెదురు గంట పలచన. సంతలో కొన్న ఇనప గంట దూరానికి వినిపిస్తుంది కానీ దానికి గొంతు లేదంటారు ముసలివాళ్ళు. నిమ్మళంగా మేసే ఆవు గంట ఒక తీరుగా మోగుతుంది. పక్కవాడి చోడి చేలోకి జారుకునే ఆవు గంట ఒక్కసారి మోగి ఆగిపోతుంది, మళ్ళీ ఒక్కసారి మోగుతుంది. "అదిగో, బొల్లిది మళ్ళీ మొదలెట్టింది" అని మబ్బులోంచి ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు పనిలో భాగమా, సంతోషమా? విడదీసి చెప్పమంటే మా వల్ల కాదు. యాత్రాకథనం రాసినవాడికి కనబడిన మబ్బులో మాత్రం మనిషీ లేడు, ఆవూ లేదు, గంటా లేదు.

మన సంతోషాల్లో చాలావాటి తీరు ఇదే, పనిని అంటుకునే ఉంటాయి. మంచె మీద కాపలా కూచున్న ముసలమ్మకు చిలకల గుంపుతో రోజంతా తగువే. "ఓసి పచ్చకోక దొంగా, మీ అత్త నీకు కూడు పెట్టలేదా" అని వడిసెల తిప్పుతుంది. రాయి చిలకకు తగలదు. తగలాలని కూడా ఆమెకు అంత పట్టుదల లేదు. సాయంత్రం దిగి వచ్చి ఆ చిలక తనను ఎలా ఏడిపించిందో ఇరుగుపొరుగుకు అభినయించి చూపిస్తుంది. ఇప్పపూల కాలంలో చీకటితోనే బుట్టలు పట్టుకుని పోయేవాళ్ళు ఎలుగు కూడా అదే చెట్టుకు వస్తుందని ఎరుగుదురు. అందుకే దారిపొడవునా గట్టిగా మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో సగం ఎలుగును ఉద్దేశించినవే: మేం వస్తున్నాం, నువ్వు తిన్నది చాలు, ఇక లెయ్యి. జీలుగు చెట్టెక్కి చూస్తే కుండ సగం ఖాళీ. మానుపిల్లి తాగిపోయిందని తెలుసు. తిట్టుకుంటూ దిగినవాడే, అది రాత్రి మత్తులో ఏ కొమ్మ మీద తూలిందోనని ఊహించుకుని నలుగురినీ నవ్విస్తాడు.

పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. తొలకరికి నేల మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులు, అగ్గిపెట్టెలో పెంచుకునే బంగారు పురుగు, వాన వెలిశాక దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు. ఎండలు ముదిరినప్పుడు అడ్డకాయలు టప్పుమని పగిలి గింజలు ఎగిరిపడతాయి. ఎవడి వీపు మీద పడితే వాడి ఉలికిపాటు చూసి మిగతావాళ్ళకు ఆ పూటకు సరిపడా నవ్వు. ఆ గింజలే ఏరుకుని కాల్చుకు తింటారు.

తింటారు అన్న దగ్గర పట్నపు పాఠకుడు కాస్త జంకుతాడు. పిల్లలు ముద్దాడిన మేకపిల్లనే పండగకు కోస్తారా అని అడుగుతాడు. కోస్తారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, తినేవాళ్ళు తింటారు, ఏడ్చినవాళ్ళూ కాసేపటికి వచ్చి కూచుంటారు. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్ళు వేటకు పోయి ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసే ఆచారం మనది. 1972 చట్టం తర్వాత వేట నేరమైంది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో మనకూ తెలుసు, అడవిలో ఏవి తగ్గిపోయాయో అందరికన్నా ముందు చూసింది మనమే. కానీ జంతువు మీద ఇష్టం అంటే దాన్ని ముట్టకుండా దూరం నుంచి చూడడమే అన్న అర్థం ఒక్కటే తెలుగు రాతల్లో చెల్లుబాటు కావడం మీద మాకు పేచీ ఉంది. అద్దం వెనక చేపను చూసి మురిసేవాడి ఇష్టం, గెడ్డలో చేత్తో చేప పట్టేవాడి ఇష్టం ఒకటి కావు. రెండోదానికి ఇంకా కథకుడు దొరకలేదు.

అసలు ఈ పనిని కథకన్నా ముందే, కథకన్నా బాగా చేసినది దింసా. అందులో బాగ్ దింసా అని ఒకటుంది. బాగ్ అంటే పులి. పులి మీదికి వస్తే మనిషి ఎలా తప్పుకుంటాడో ఆ అడుగుల్లో ఉంటుంది. ఆకులు ఏరుకునే పోతర్ తోల దింసా వేరు. పులి, ఆకు, రెండూ ఒకే వరసలో, ఒకే డప్పుకు, ఒకరి నడుము చుట్టూ ఒకరి చెయ్యి వేసుకుని. భయాన్ని ఆటగా, పనిని ఆటగా మార్చిన రచన అది. భయం పోలేదు, పనీ పోలేదు. వేదిక మీద పది నిమిషాలకు కుదించి 'గిరిజన నృత్యం' అని మైకులో చెప్పేసరికి బాగ్‌లోని పులి జారిపోతుంది, చీరల రంగు మిగులుతుంది. ఆదిలాబాదు వైపు గుస్సాడిదీ ఇదే గతి. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరమూ గర్వపడ్డాం. ఆ నెమలి ఈకల కిరీటాన్ని చూసి మురిసినవాళ్ళలో నెమలి గురించి అడిగినవాళ్ళు ఎందరు?

మన కుర్రవాళ్ళను కూడా వదిలిపెట్టకూడదు. ఈ మధ్య చదివిన రాతప్రతుల్లో ఒక కథ ఇలా నడుస్తుంది. తండ్రి మీద ఎలుగు పడుతుంది. ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి మోస్తారు. దారిలో చనిపోతాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, డోలీ మోసిన భుజాలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. కానీ ఆ తండ్రి ముప్పై ఏళ్ళు ఆ కొండ తిరిగినవాడు. ఎలుగు ఏ పుట్ట తవ్విందో గోళ్ళ గుర్తు చూసి చెప్పగలిగినవాడు. సాయంత్రం దాని నడకను అనుకరించి మనవలను నవ్వించి ఉంటాడు. అవేవీ కథలో లేవు. మొదటి వాక్యంలో అతను గాయపడ్డాడు, చివరి వాక్యంలో చనిపోయాడు. డోలీలో ఒక శవం ఉంది కానీ పోయిన మనిషి ఎవరో మనకు తెలియదు. మైదానపు సంపాదకులు మన నుంచి ఇలాంటి కథలే అడుగుతారని రాసినవాడు అన్నాడు. అడగనీ. ఆ ఎలుగు నడకకు ఒక పేరా ఇస్తే రోడ్డు లేదన్న మాట ఇంకా గట్టిగా తగిలేది.

ఇది ఉత్త సాహిత్యపు గొడవ కాదు. హైమెండార్ఫ్ 1945లో పాపికొండల కొండరెడ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పేరులోనే ఆ కొండలు అడవిదున్నల కొండలు. కోయలు కొమ్ముల తలపాగాతో ఆడే ఆటలోనూ ఉన్నది ఆ దున్నే. ఇప్పుడు పోలవరం ముంపు వల్ల ఆ వైపు కోయ, కొండరెడ్డి ఊళ్ళు లేచి కాలనీలకు చేరుతున్నాయి. పరిహారం పట్టికలో ఇంటికి ఒక వరస, భూమికి ఒక వరస, చెట్టుకు ఒక వరస ఉంటాయి. "పక్కా ఇల్లు వచ్చింది, కరెంటు వచ్చింది, ఇంకేం పోయింది మీకు?" అని చదువుకున్నవాళ్ళే అడుగుతున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కొండ మీద ఉన్నదంతా లేమి ఒక్కటేనని యాభై ఏళ్ళుగా కథల్లో చదువుకున్నవాళ్ళు. లేమి నుంచి బయటపడితే నష్టమేమిటన్నది వాళ్ళకు న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పట్టికలో దొరకదు, కథలో దొరకాలి. కాలనీ వీధిలో మేపడానికి చోటు లేక గొడ్లను అమ్మేసి, వాటి గంటలు మాత్రం అమ్మకుండా చూరుకు వేలాడదీసుకున్న మనిషిని ఊహించండి. ఆ గంటలు ఒక్కొక్కటి ఎలా మోగేవో పాఠకుడికి అంతకుముందే వినిపించి ఉంటే ఆ చూరును చూపిస్తే చాలు. వినిపించకపోతే అవి పాత ఇనుము.

వచ్చే సంకలనానికి కథలు పంపేవాళ్ళకు ఒక మాట. ఆవు అని రాసి వదిలెయ్యకండి. అది బొల్లిదా, కర్రిదా, గంట చెక్కదా, వెదురుదా, ఎవరి చేలో పడి ఎవరితో తిట్లు తినిపించిందో అదీ రాయండి. నిడివి ఎక్కువైతే మేము సర్దుకుంటాం.